నాన్నకి వేసిన మార్కులు

నేను నాన్నకి ముప్పై రోజులు మార్కులు వేశాను. రోజూ పదికి పదే. అందులో పంతొమ్మిది రోజులవి అబద్ధం.

ఏడో తరగతి పరీక్షలయిపోయిన వేసవి అది. మా స్కూల్లోనే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా, ఆదివారాలు కూడా వదలకుండా, సెలవుల క్లాసులు పెట్టారు. సెలవుల్లో కూడా క్లాసులేంటని మొదటి రోజు అందరం మొహాలు వేలాడేసుకుని వెళ్లాం, మూడో రోజుకల్లా ఏడున్నరకే గేటు ముందు నిలబడి వాచ్‌మన్ ప్రాణం తీస్తున్నాం. అంతా మాకు లెక్కలు చెప్పే కొత్త మిస్ వల్లే. అప్పుడే కాలేజీ అయిపోయి వచ్చింది, కుర్చీలో కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు, వరండాని అడుగులతో కొలిపించేది, మెట్లమీద నిలబెట్టి మైనస్ అంకెలు చెప్పేది, చెప్తూ చెప్తూ తనే నవ్వేసేది.

ఆ క్లాసులకి ఒక పద్ధతి ఉంది. ఆ రోజు నేర్చుకున్నది ఇంటికెళ్లి ఒకరికి నేర్పాలి. ముప్పై రోజులూ ఆ ఒక్కరికే. వాళ్లని ఇంటి విద్యార్థి అనేవాళ్లం. రోజుకో కాయితం ఇచ్చేవాళ్లు, దాని మీద మేమే ఐదు లెక్కలు వేసి తీసుకెళ్లాలి, వాళ్లు చెయ్యాలి, మేం దిద్దాలి, కుడివైపు పై మూలనున్న గడిలో పదికి ఎన్నో వెయ్యాలి, కింద వాళ్లు సంతకం పెట్టాలి. ఆఖరి రోజు ఎక్కువ మార్కులొచ్చిన ఇంటి విద్యార్థిని స్టేజీ ఎక్కించి సర్టిఫికెట్ ఇస్తారు. తప్పు చేస్తే తప్పనే వెయ్యండి, వాళ్లెక్కడ తప్పుతున్నారో చూసే కదా మర్నాడు మీకేం చెప్పాలో నేను చూసుకునేది అని మిస్ మొదటి రోజే చెప్పింది. మేమందరం తలలూపాం.

నా పక్కన కూర్చునే అమ్మాయిని డిక్షనరీ అనేవాళ్లం, ఏ మాటకైనా అర్థం చెప్పందే వదిలేది కాదు. దాని ఇంటి విద్యార్థి వాళ్ల నాయనమ్మ. ఆవిడకి మొదటి రోజే తొమ్మిది వచ్చాయి. నేను నాన్నని తీసుకున్నాను. నాన్న ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, ఆయన పేరు రాసిన సర్టిఫికెట్ ఇంట్లో ఒక్కటి కూడా లేదు. స్టేజీ మీద నాన్నని నిలబెట్టాలి, అంతే, నాకు ఆ వేసవంతా ఇంకో ఆలోచన లేదు.

నాన్న స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టర్. వేసవంటే వాళ్లకి ఊపిరాడని కాలం, స్కూళ్లు తెరిచేలోపు వేల చొక్కాలు తయారవ్వాలి. పొద్దున్నే నేను లేస్తుండగానే వెళ్లిపోయేవాడు, చీకటిపడ్డాక వచ్చి అన్నం తిని అలాగే గోడకి ఒరిగి నిద్రపోయేవాడు. అమ్మ ఆ చొక్కాలకే ఇంట్లో కూర్చుని గుండీలు కుట్టేది, మంచం నిండా చొక్కాలు, మేం వాటిని పక్కకి జరిపి పడుకునేవాళ్లం. అందుకని మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లే పని నేను అడిగి మరీ తీసుకున్నాను. ఆయన తినే అరగంటే నా క్లాసు.

పొడుగాటి రేకుల గది, ఇరవై మిషన్లు ఒకేసారి తిరుగుతుంటే కాళ్ల కింద నేల జివ్వుమంటుంది. చివర నాన్న టేబులు, ఒక తానుని ఆ చివర్నుంచి ఈ చివరకి పరిచేంత పొడుగు. దాని పక్కనే గుండీలకి కాజాలు కుట్టే మిషను, దాని మీద కూర్చునే ఆవిణ్ని అందరూ కాజాల అక్క అనేవాళ్లు. మొదటి రోజు నేను కాయితం తీయగానే ఆవిడ మిషను ఆపింది.

"మాస్టర్‌కి ఈ వయసులో ట్యూషనా? బెత్తం తెచ్చావా మరి?"

"టేపుందిగా," అన్నాడు నాన్న. "కొడితే ఇంచుల లెక్కన కొడుతుంది."

ఆ రోజు పాఠం భిన్నాలు. నేను మిస్ చెప్పినట్టే కాయితం మడతపెట్టి నాలుగో వంతు చూపించాను. నాన్న చెయ్యి తుడుచుకుని, సుద్దముక్కతో టేబులు మీద గీసి, ఛాతీ ముప్పై రెండుంటే అందులో నాలుగో వంతు ఎనిమిది, దానికి కుట్టు కోసం ముప్పావు కలిపి కోస్తాం, చంకకి ఇంత, మెడకి ఇంత అని గడగడా చెప్పుకుపోయాడు. పాతికేళ్లుగా చేస్తున్న పని అది. ఐదు లెక్కలూ రెండు నిమిషాల్లో చేసి పెన్ను టకీమని కింద పెట్టాడు.

"వీటిని భిన్నాలంటారా? నేనింకా కొలతలనుకున్నానే టీచరమ్మా."

మర్నాడు క్లాసులో ఆ ఛాతీ లెక్క నేను బోర్డు మీద చెప్పాను. మిస్ వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుంది. నిజంగా రాసుకుంది. సాయంత్రం దాకా నేను నేల మీద నడవలేదు.

అలా పది రోజులు. అవి నిజమైన పదులు.

పదకొండో రోజు నేను కాయితాన్ని రెండు వరసలుగా చేసి, ఎడమవైపు మూడు లెక్కలు, కుడివైపు రెండు వేశాను. నాన్న రెండు చేసి పెన్ను కింద పెట్టేశాడు. మిగతా మూడూ ఏవి నాన్నా అని అడిగితే కాయితం వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ చూశాడు.

"ఏ మూడు? ఎక్కడ దాచావు?"

నేను వేలు పెట్టి చూపించాను. ఓహో అని నవ్వి మొదలుపెట్టాడు, కానీ నూట ఇరవై నాలుగులో నాలుగో వంతు ఎంతంటే ఆరు అని రాశాడు. ముందున్న ఒకటిని వదిలేసి ఇరవై నాలుగుకి లెక్క కట్టాడని నాకు చాలాసేపటికి అర్థమైంది. మిగతా రెండూ అంతే. క్యారియర్ చూస్తే అందులోనూ కుడివైపు సగమే తిన్నాడు, ఎడమవైపు కత్తితో కోసినట్టు అలాగే ఉంది. మిగతా సగం ఎవరికండీ మాస్టరూ అని కాజాల అక్క ఆటపట్టించింది. నేను గిన్నె అటుదిటు తిప్పి పెడితే, ఇంకా ఉందా అని అదీ తినేశాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నిజంగా నవ్వొచ్చింది.

నాలుగు మార్కులు. నాలుగు వెయ్యాలి. ముందు రోజు డిక్షనరీ వాళ్ల నాయనమ్మకి మళ్లీ తొమ్మిది. నేను యూనిట్ బయట మెట్లమీద కూర్చుని, అలసిపోయి ఉంటాడు, ఒక్క రోజుదే కదా అనుకుని, నాన్న అంకెలు కొంచెం కుడికి ఒరిగి ఉంటాయి కాబట్టి ఆ మూడూ కొట్టేసి నేనూ అలాగే ఒరిగించి జవాబులు రాశాను. పై మూల గడిలో పది వేశాను. లోపలికెళ్లి సంతకం అడిగాను. నాన్న ముందు ఆ పదినే చూశాడు. మొహం ఎలా విప్పారిందో ఇప్పటికీ నా కళ్లముందుంది.

పన్నెండో రోజూ అంతే. పదమూడో రోజూ అంతే. పద్నాలుగో రోజు ఐదు లెక్కలూ నేనే చేశాను.

పదిహేనో రోజు కాయితం క్లాసులో మరిచిపోయి వచ్చాను. సరే నోటితో అడుగుతాననుకుని, ఆయన తింటుండగా లెక్కలు అడిగితే, నేను ప్రశ్న పూర్తిచేసేలోపే జవాబులు చెప్పేశాడు, ఐదుకి ఐదూ. కాజాల అక్క చప్పట్లు కొట్టింది. ఆ రోజు పది మాత్రం నిజమైనదే. నాకు గుండెల మీద బరువు దిగినట్టయింది. అంటే బుర్ర బ్రహ్మాండంగా ఉంది, కళ్లే ఆనటంలేదు. కళ్లజోడు మారిస్తే సరి. ఇంటికెళ్లి అమ్మకి అదే చెప్పాను, నాన్నకి అంకెలు సరిగా కనపడటం లేదమ్మా అని. లెక్కలన్నీ నేనే రాస్తున్నానని చెప్పలేదు.

అమ్మ ఆదివారం సాయంత్రం లాక్కెళ్లి కళ్లజోడు మార్పించింది. షాపతను బోర్డు చదవమంటే నాన్న ప్రతి వరసలోనూ మొదటి అక్షరం వదిలేసి చదివాడట, తొందరేం లేదు సార్, మొదట్నుంచి చదవండి అని అతను నవ్వాడట. కొత్త జోడు పెట్టుకుని నాన్న అంతా బాగానే ఉందన్నాడు. తర్వాతి వారం కూడా కాయితం మీద కుడివైపే చేశాడు. కొత్త కళ్లజోడు అలవాటు కావాలి కదా అనుకున్నాను. నేను అప్పుడు పన్నెండేళ్ల దాన్ని, కావాలనుకుంటే ఏదైనా అనుకోగలను.

ఇంట్లో కూడా చిన్నచిన్నవి జరుగుతూనే ఉన్నాయి. ఎడమ చేతి గుండీ పెట్టుకోకుండా వెళ్లిపోయేవాడు, లోకానికంతటికీ చొక్కాలు కోసే మనిషి మీరేనా అని అమ్మ వెనకాల పరిగెత్తి పెట్టేది. తలుపు తీసి వస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకునేవాడు. పొద్దున్న లేవగానే తలనొప్పి అనేవాడు. సీజను కదా అనేవాడు ఆయనే, సీజను కదా అనేది అమ్మ, సీజను కదా అనుకునేదాన్ని నేను.

ఒకరోజు మిస్ నన్ను ఆపింది. రోజూ పదేనా, ఒక్క రోజూ తప్పలేదా అని అడిగింది. అనుమానంగా కాదు, ముచ్చటగా. మా నాన్న కటింగ్ మాస్టర్ మిస్, తప్పితే చొక్కా పోతుంది అన్నాను. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే బోర్డు మీద రాయించింది.

ముప్పయ్యో రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. మూడు వందల మార్కులకి మూడు వందలు అని మిస్ మైకులో చదివితే, డిక్షనరీ వాళ్ల నాయనమ్మ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. అమ్మ ముందు వరసలో కూర్చుంది. నాన్న స్టేజీ ఎక్కాడు, ఇస్త్రీ చొక్కా, తడి దువ్వుడు. రెండు మాటలు చెప్పమన్నారు. మైకు దగ్గరికి జరుపుకుని, నాకు ఇప్పటిదాకా ముగ్గురు టీచర్లు చదువు చెప్పారండీ, మిగతా ఇద్దరూ కొట్టారు అన్నాడు. హాలు గొల్లుమంది. సర్టిఫికెట్‌ని రెండు చేతులతో పట్టుకుని గుండెకి ఆనించుకున్నాడు. ఆ క్షణంలో నన్నెవరైనా అడిగుంటే, నేను చేసింది తప్పని అస్సలు ఒప్పుకునేదాన్ని కాదు.

దానికి సరిగ్గా నాలుగు రోజుల తర్వాత నేను క్యారియర్ తీసుకెళ్లేసరికి యూనిట్లో ఒక్క మిషనూ తిరగడం లేదు. ఇరవై మందీ లేచి నాన్న టేబులు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను సందు చేసుకుని ముందుకెళ్లాను.

ఎనభై పొరలు. గుడ్డని ఎనభై పొరలుగా ఒకదాని మీద ఒకటి పరిచి, పైపొర మీద చొక్కా ముక్కల ఆకారంలో ఉన్న అట్టలు పెట్టి సుద్దతో గీసి, కరెంటు కత్తితో ఒకేసారి కోస్తారు. కుడివైపు ముక్కలన్నీ గీత మీదే తెగాయి, నాన్న చేతిపని ఎప్పటిలాగే. ఎడమవైపు మాత్రం కత్తి గీతల మీద పోలేదు. ముందు భాగాల్లోంచి, చేతుల్లోంచి, కాలర్లలోంచి తిన్నగా వెళ్లిపోయింది, అక్కడ గీతలే లేనట్టు.

నాన్న కత్తి ఆపి, అందరూ ఎందుకు లేచారో తెలియక చూస్తున్నాడు. ఓనరు గట్టిగా అరిచే మనిషి, ఆ రోజు అరవలేదు. కాజాల అక్క ముందుకొచ్చి నాన్న ఎడమ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. బొటనవేలి పక్కన లోతుగా తెగింది, రక్తం మోచేతి దాకా కారి గుడ్డలోకి ఇంకుతోంది.

"మాస్టరూ, చెయ్యి."

నాన్న ఆ చేతిని చూశాడు. ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువుని చూసినట్టు చూశాడు.

"ఎవరికి తెగింది?" అన్నాడు.

ఓనరు తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అమ్మ ఒడిలో సూదీ దారం అలాగే వదిలేసి వచ్చింది, చీరకి ఒక గుండీ వేలాడుతూనే ఉంది. కుట్లు వేసిన డాక్టరు నొప్పి లేదా అని అడిగి, నాన్న లేదంటే ఇంకో డాక్టరుని పిలిపించాడు. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడేది. ఒక తెల్లకాయితం మీద అడ్డదిడ్డంగా చిన్న గీతలు చాలా ఉన్నాయి, వాటన్నిటినీ కొట్టేయమంది. నాన్న శ్రద్ధగా ఒక్కొక్కటీ కొట్టేశాడు. అయిపోయిందండీ అని పెన్ను కింద పెట్టాడు.

కుడివైపు గీతలన్నీ కొట్టేసి ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటీ లేదు.

నేను ఆ కాయితాన్ని గుర్తుపట్టాను. అలాంటివి పంతొమ్మిది చూశాను నేను.

ఇది ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగింది. వారం పది రోజుల నుంచి కొంచెం తలనొప్పి అంటున్నారండీ, సీజను కదా అని అమ్మ చెప్పింది. నాన్న కూడా అవునన్నాడు. డాక్టరు వారం పది రోజులు అని రాసుకోవడం మొదలుపెట్టింది. నేను చెప్పకపోతే అది అలాగే ఉండిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"ఇరవై నాలుగు రోజులైంది," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. పదకొండో రోజు నుంచి మొత్తం చెప్పాను, మూడు లెక్కలు కనపడకపోవడం, ఒకటి వదిలేసి ఇరవై నాలుగుకి లెక్క కట్టడం, సగం అన్నం, నోటితో అడిగితే ఐదుకి ఐదూ చెప్పడం. తారీకులతో సహా చెప్పాను. డాక్టరు ముందు రాసిందాన్ని కొట్టేసి మళ్లీ రాసుకుంది. చాలా బాగా గమనించావమ్మా అంది. ఆ మెచ్చుకోలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. తియ్యలేదు.

"మరి ఆ మార్కులు?" అంది మెల్లగా.

"నేనే రాశానమ్మా."

"అన్నీనా?"

"పంతొమ్మిది."

అమ్మ తలూపింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఆ రోజే కాదు ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. కొన్నిసార్లు ఎత్తితే బాగుండుననిపిస్తుంది.

తల లోపల కుడిపక్కన గడ్డ ఉందని మర్నాడు చెప్పారు. త్వరగా పెరిగే రకమట. ఇంకాస్త చిన్నగా ఉన్నప్పుడు వచ్చుంటే మొత్తం తీసే వీలుండేదేమో, ఇప్పుడు తీయగలిగినంత తీస్తాం అని వరండాలో అమ్మతో అన్నారు. ఆ "ఏమో"ని నేను చాలా ఏళ్లు అటూ ఇటూ తిప్పి చూశాను.

స్కూళ్లు తెరిచిన రోజే ఆపరేషనుకి ముందు రోజు. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే రోడ్డంతా కొత్త యూనిఫారాలు. నేను నాన్న మంచం పక్కన స్టూలు మీద చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నాను. అమ్మ మందులు తెచ్చి లోపలికి రాగానే, మన టీచరమ్మ ఇంకా రాలేదా అని అడిగాడు నాన్న. నేను ఎడమవైపు కూర్చున్నాను. అమ్మ మొహం తిప్పుకుంది. నేను స్టూలు చప్పుడు కాకుండా ఎత్తి కుడివైపుకి తెచ్చుకుని, ఇప్పుడే వచ్చాను నాన్నా అన్నాను.

నా చెయ్యి తీసుకుని తన కుడిచేతిలో పెట్టుకున్నాడు. ఎవరి గురించో చెప్తున్నట్టు మామూలుగా చెప్పాడు.

"నాకూ మధ్యలో ఒకసారి అనుమానం వచ్చిందిరా. బుర్రకేదో అవుతోందని. డాక్టరు దగ్గరికి పోదామనుకున్నా. కానీ నువ్వు రోజూ పదికి పది వేస్తున్నావు కదా, ఇంకేం భయం అనుకున్నా."

ఆ మాటలో నిందేమీ లేదు. ఆయనకి ఇంకా తెలియదు. డాక్టరుకి నేను చెప్పిందంతా ఆయన ఉన్న గదిలోనే చెప్పినా, ఆయన ఎడమపక్కనే నిలబడి చెప్పాను, ఎంత విన్నాడో, విన్నదెంత నిలిచిందో. ఇప్పుడు కుడిపక్కన ఉన్నాను. మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు. చెప్పాలి.

"అవి నువ్వు చేసినవి కాదు నాన్నా. నువ్వు వదిలేసినవి నేను రాసి, నేనే దిద్దుకున్నాను. నిన్ను స్టేజీ ఎక్కించాలని."

నాన్న నా చెయ్యి వదల్లేదు, వేళ్లని ఒక్కొక్కటిగా నొక్కుతూ ఉన్నాడు, గుడ్డ మందం చూసే అలవాటు అది.

"ఎక్కానుగా," అన్నాడు చివరికి. ఆ వేలు వదిలి ఇంకో వేలు పట్టుకుని, "ఇవాళ స్కూలు తెరిచారు కదా, ఏం చెప్పారు?" అన్నాడు.

వెళ్లలేదన్నాను.

"రేపు వెళ్లు. నా ఆపరేషను వాళ్లు చేసుకుంటారు, నువ్వు చెయ్యి పట్టుకోనక్కర్లేదు. వెళ్లొచ్చి ఏం చెప్పారో నాకు చెప్పు."

మర్నాడు వెళ్లాను. ఎనిమిదో తరగతి మొదటి పాఠం, మొదటి బెంచీ, ఒక్క ముక్క చెవికెక్కలేదు, అయినా బోర్డు మీద ఉన్నదంతా రాసుకున్నాను. ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి నాన్నకి ఇంకా మెలకువ రాలేదు. స్టూలు కుడివైపు వేసుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచాక చెప్పాను. ఆ తర్వాత ఇంటికి తీసుకొచ్చాక కూడా, ఆయనకి వినపడుతోందో లేదో తెలియని రోజుల్లో కూడా, నాలుగు నెలల పాటు, ఆయన ఆఖరి రోజు దాకా, ఆదివారాలు తప్ప రోజూ చెప్పాను.